అమ్మవారి కాళ్ల కింద మోరీ

కొత్తవాడలో మా గల్లీ మోరీ, అదే మురికికాల్వ, పొంగినప్పుడల్లా ఆ నీళ్లు మా మగ్గం గుంటలోకే వచ్చేవి. నేసేవాళ్లం ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. ఆ వానాకాలం చెమ్మకు జంపఖానా పడుగు దారాలు చీకిపోయి పుటుక్కున తెగుతుంటే, మునిసిపాలిటీ వాళ్లు వచ్చి మోరీ పక్క గోడకు సున్నం వేసి పోయారు. వాసన సంగతి వాళ్లకెందుకు, చూపుకు తెల్లగా ఉంటే చాలు.

తెల్లటి గోడను చూసి నా చేయి ఊరుకోలేదు. మనవరాలితో పాటు పలక పట్టి అక్షరాలు నేర్చుకున్న కొత్త అది. దారానికి అద్దగా మిగిలిన ఎర్రరంగుతో మునిగిన మగ్గాన్ని, దాని మీద కప్పను, పక్కన కుర్చీలో నిద్రపోతున్న బొజ్జ మనిషిని గీశాను. కింద "మగ్గం మునిగింది, లేవండి సారూ" అని రాశాను. అక్షరాలు వంకరపోయాయి. బొజ్జ మాత్రం గుండ్రంగా కుదిరింది.

మరునాడే మునిసిపాలిటీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు.

"ఏందమ్మా, గోడ మీ అయ్యదా?"

"గోడ సర్కారుదే సార్. నీళ్లు గూడ సర్కారువే. గుంట ఒక్కటే మాది," అన్నాను.

మోరీ తీయించలేదు. ఒక ఆర్టిస్టును తెచ్చి నా బొమ్మ మీద గోడంత అమ్మవారిని వేయించాడు. దేవత మీద మేము రంగు పూయబోమని ఆయన ధైర్యం. నిజమే, పూయలేదు. ఎంత తెలివి! ఆ తెలివిలో పిసరంత పార పట్టడానికి పెట్టినా మోరీ సాఫయ్యేది.

కొన్నాళ్లకు ఆ బొమ్మ ముందు ఫొటో దిగడానికి మా వార్డు లీడరు మందితో వచ్చాడు. మురికినీళ్లకు ఇవతల, పొడి నేల మీద నిలబడి, బూట్లతోనే చేతులు జోడించాడు. పక్కనున్న మా యారాలు, నాతో పాటు ఈ ఇంటికి కోడలిగా వచ్చినది, గొంతెత్తింది.

"అయ్యో సారూ, అమ్మవారి ముంగట బూట్లా? ఇడిచి దగ్గరికి రాండ్రి!"

"గీ నీళ్లలకా?"

"అమ్మ నిలవడ్డది గీ నీళ్లలనే గద సారూ. జర మీరు గూడ నిలవడుండ్రి."

అందరి ఫోన్లూ ఆయన కాళ్ల వైపు తిరిగాయి. చేసేదేముంది, బూట్లు విప్పి చీలమండల దాకా దిగాడు. మొహం చేదు మింగినట్టు పెట్టాడు. మేము భక్తిగా బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చాం. కావాలనే మెల్లగా ఇచ్చాం.

మరునాడు పొద్దున్నే మోరీ తీసే బండి వచ్చింది. మా మగ్గం వానాకాలమంతా నానితే రాని బండి, లీడరు కాళ్లు కాసేపు నానితే వచ్చింది!

గుంట ఆరాక కొత్త పడుగు ఎక్కించాం. డబ్బాలో ఎర్రరంగు ఇంకా కొంచెం మిగిలింది. నిన్న వెనక గల్లీ మోరీ గోడకు సున్నం వేస్తుంటే చూసి వచ్చాను.