సారెకు అవతలి పక్క

జమ్మలమడుగులో మా పక్కింటి కుమ్మరత్త పోయిన నెలలో కన్నుమూసింది. కబురు తెచ్చిన ఆమె కూతురు ఏడుస్తూనే, "నీకే మొదట చెప్పమనింది బావా. లేకుంటే నువ్వే ఏదో ఒకటి కల్పించి ఊరంతా చెప్తావంట," అంది. పోతూ కూడా నన్ను నమ్మలేదు మహాతల్లి. కారణం ఉంది లెండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమె భర్త, నేను మామా అని పిలిచే మనిషి, జ్వరంతో పోయాడు. కుండలు చేసే సారె ఆగిపోయింది. వాళ్లలో ఆడవాళ్లు మన్ను తొక్కుతారు, కుండ చరుస్తారు, కుండలు కాల్చే ఆము పేరుస్తారు. సారె మాత్రం ముట్టరు. అంతలో పెద్దవీధిలో పెళ్లి కుదిరింది. పందిట్లో పేర్చే ఐరేని కుండలు తరతరాలుగా అత్తవాళ్ల ఇంటినుంచే పోవాలి. ఈసారి ఇవ్వలేకపోతే ఆ హక్కు ప్రొద్దుటూరు కుమ్మరులకు పోతుందని, పోతే మళ్లీ రాదని కులపెద్దలు చెప్పారు. గడువు ఇరవై రోజులు.

"నేనే తిప్పుతా," అంది అత్త.

"ఆడది సారె తిప్పేదేందమ్మా?"

"అయితే మీరొచ్చి తిప్పండప్పా, చూస్తా."

ఎవరూ రాలేదు.

కొత్తగా కుండలు నేర్చుకునేవారికని బ్లాకు ఆఫీసువాళ్లు పంచిన బొమ్మల పుస్తకం నా దగ్గర ఉంది. అత్తకు చదువు రాదు. నాది నాలుగో తరగతి, అదీ రెండుసార్లు. పుస్తకాన్ని ఆమెకు ఎదురుగా గోడకు ఆనించి, ఆమె పక్కన కూర్చుని చదివేవాణ్ణి. చదివింది సగం, కల్పించింది సగం.

"'ఇప్పుడు చదివేవానికి గ్లాసుడు మజ్జిగ ఇవ్వవలెను.'"

"అట్లుందా?"

"అచ్చులో ఉంది అత్తా."

ఇచ్చేది. రోజూ.

పది రోజులైనా ఒక్క కుండ నిలవలేదు. బొమ్మలో ఉన్నట్టే చేతులు పెట్టేది. లేచినట్టే లేచి కూలిపోయేది. పదకొండో రోజు మన్ను ముద్ద తీసి నా మొహాన కొట్టింది. "సరిగ్గా చదువుతాండావా నువ్వు?" ఆమె కళ్లలో నీళ్లు. ఓదార్చడం నాకు రాదు. నవ్వించాలని, "'కుండ నిలవనిచో బొమ్మకు వీపు పెట్టి కూర్చొనవలెను,'" అని చదివాను.

అత్త నవ్వలేదు. గోడ దగ్గర మామ పీట ఖాళీగా ఉంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆమె సారెకు ఇవతల కూర్చుని మన్ను అందించింది. ఆయన పోయాక కూడా ఆ పీట ఎక్కలేదు. ఇప్పుడు లేచి అవతలికి పోయి, బొమ్మకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి దానిమీద కూర్చుంది. రెండు చేతులూ చూసుకుంది.

"రేయ్! బొమ్మలో ఆయప్ప నాకు ఎదురుగ్గా కూచున్నాడు కదా! మీ మామనూ ఇన్నేండ్లు ఎదురుగ్గానే చూస్తి. కుడిచెయ్యి పని ఎడమచేత్తో చేస్తాండా రా!"

చేతులు మార్చింది. కుండ లేచింది. గొంతుదాకా లేచి నిలబడింది. నేను వీధిలోకి దూకి ఈల వేశాను.

పెద్దవీధి ఆడవాళ్లు మేళంతో వచ్చి కుండలు నెత్తిన పెట్టుకుని పోతుంటే, అత్త గడపలో నిలబడి కులపెద్దలతో అంది: "ప్రొద్దుటూరోళ్లకు చెప్పండప్పా, బస్సు చార్జీ మిగిలిందని."

నేను కూడా కాలర్ ఎగరేయబోతే, "వీపు పెట్టమని పుస్తకంలో లేదని తెలుసు అల్లుడా. మజ్జిగా లేదు," అంది.

"మరి రోజూ ఎందుకిచ్చినావు?"

"చదివేవాడు లేచి పోకుండా."

నిన్న వాళ్లింటి ముందునుంచి వెళ్తుంటే సారె చప్పుడు వినబడింది. అవతలి పక్క పీటమీద, గోడకు వీపు పెట్టి, వీధి వైపు మొహం తిప్పి కూతురు కూర్చుంది. చేతుల మధ్య కుండ లేస్తోంది. ఇవతలి పక్క, అప్పట్లో నేను కూర్చుని చదివిన చోట, గ్లాసుడు మజ్జిగ, మూతపెట్టి.