ఎస్తేరత్త తిప్పిన డ్రమ్ము

పోయిన ఆదివారం చర్చికి వెళ్తూ ఆర్మూర్ మార్కెట్ యార్డు పక్కనుంచి నడిచాను. పసుపు ఘాటు ముక్కుకు తగిలింది. గోడ అవతల పసుపు కొమ్ములు తోమే డ్రమ్ము తిరుగుతోంది. ఇప్పుడవి మోటార్లతో తిరుగుతాయి, ఒకటే హోరు. మేము చేత్తో తిప్పిన రోజుల్లో అది గడగడమని పైకెక్కి, ఒక్క క్షణం ఆగి, కొమ్ముల్ని దబ్బున కిందికి జార్చేది. ఆ ఆగే క్షణాన్ని పట్టుకునే ఎస్తేరత్త పాటలు కట్టేది.

ఆమె నాకు చుట్టం కాదు. పసుపు కళ్లంలో మా ఆడవాళ్ల గుంపుకు పెద్ద, మా చర్చిలో పాటలు పాడించేదీ ఆమే. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపును ఇనుప డ్రమ్ములో పోసి, రెండు పక్కలా పిడులు పట్టుకుని తిప్పితే పొట్టు రాలి కొమ్ములు నునుపు తేలేవి. ఇంటర్ పాసై, ఆపైన చదివించే దిక్కులేక నేను ఆ పనిలో చేరాను. గుంపులో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, నా అంత తెలివిగలది ఆర్మూర్‌లోనే లేదనుకునేదాన్ని. అత్తకు అక్షరం ముక్క రాదు. ఆమె పాడుతుంటే నేను నోట్‌బుక్కులో రాసిపెట్టేదాన్ని.

ఇది ఇరవై ఏళ్ల కిందటి మాట. బిషప్‌గారి పెద్ద చర్చిలో పంటల కృతజ్ఞతారాధనకు ఏటా ఒక్కో చర్చి సంఘం కొత్త పాట పాడాలి. ఆ ఏడు మా వంతు వచ్చింది. పాస్టరయ్యగారు కీబోర్డు వాయించే టౌను పిల్లల్ని తీసుకెళ్దామనుకున్నారు. ఎస్తేరత్త ఆయన్ని కళ్లానికి పిలిపించింది.

"ఒక్కపాలి మా పాట ఇనుండ్రి అయ్యగారూ. నచ్చకుంటే గా పిల్లలనే తోల్కపోండ్రి. నా పాట మన సంఘం దాటి ఎన్నడు పోలె."

డ్రమ్ము తిరిగింది. పిడి పైకొచ్చినప్పుడు మా పక్క "మట్టిల నుంచి తీసినవు" అన్నాం. పిడి కిందికి దిగినప్పుడు అవతలి పక్క "మరిగే నీళ్లల్ల ఏసినవు" అంది. "తిప్పి తిప్పి తోమినవు" అని మేమంటుండగా డ్రమ్ము ఆగింది. ఆ నిశ్శబ్దంలో అందరం కలిసి "గిప్పుడు తేలె మా రంగు" అన్నాం. అయ్యగారు తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, పసుపు దుమ్ము పడిందన్నారు. వెళ్తూ వెళ్తూ, "పెద్ద చర్చి అమ్మా, పరువు పోకుండ చూడుండ్రి," అన్నారు.

పరువు మాట నా బుర్రలో తిష్ఠ వేసింది. మా చర్చిలో సాధన చేసేటప్పుడు డ్రమ్ము లేదు కదా, అత్త మా ముందు నిలబడి పిడి పట్టుకున్నట్టే గాలిలో కుడిచేయి తిప్పేది. నాకు చచ్చేంత సిగ్గేసింది. బయలుదేరే ముందు ఆమెను పక్కకు పిలిచాను.

"అత్తా, ఆడ చెయ్యి గట్ల తిప్పకు. నవ్వుతరు."

"నవ్వుతరా?" అని ఆమె పసుపు పట్టిన తన అరచేయి చూసుకుంది. "మరెట్ల నిలబడాలె?"

"మా వరుసల చేతులు కట్టుకొని నిలబడు."

"సరే బిడ్డా. సదువుకున్నదానివి, నీకే ఎర్క."

కళ్లంలో మాకు డ్రమ్ము ఉండేది, చర్చిలో ఆమె చేయి ఉండేది. ఆ రెండూ లేకుండా మేము ఒక్కసారి కూడా పాడి చూడలేదు. నా చదువుకు ఆ సంగతి తట్టలేదు.

పెద్ద చర్చి నిండిపోయింది. అత్త చేతులు కట్టుకుని మా వరుస చివర నిలబడింది. నేను మొదటి పాదం ఎత్తుకున్నాను. అవతలి పక్కవాళ్లలో ఇద్దరు ముందే అందుకున్నారు, మిగిలినవాళ్లు ఇంకా దేనికోసమో ఎదురుచూస్తున్నారు. రెండో పాదానికల్లా అంతా కలగాపులగమై పాట ఆగిపోయింది. ముందు వరుసలో పట్టుచీర కట్టుకున్న ఒకావిడ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు తల వంచుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎస్తేరత్త చేతులు విప్పింది. వరుసలోంచి బయటికొచ్చి, బిషప్‌గారికి వీపు పెట్టి, మా ఎదురుగా నిలబడింది. గాలిలో పిడి పట్టుకుని తిప్పింది. ఈసారి నవ్వు గట్టిగానే వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు. చేయి పైకొచ్చింది, మేము అందుకున్నాం. చేయి దిగింది, వాళ్లు అందుకున్నారు. మూడో పాదం చివర ఆమె చేయి ఆగితే చర్చి మొత్తం ఆగింది. అప్పుడు మేమంతా ఎత్తుకున్న ఆ చివరి పాదం కప్పు దాకా వెళ్లి మళ్లీ మా మీదికే వచ్చింది. రెండోసారి పాడినప్పుడు పట్టుచీర ఆవిడ కూడా మాతో గొంతు కలిపింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త పక్కన కూర్చుని ఏడ్చాను. "నేనే తిప్పద్దన్న అత్తా. పాటంత ఖరాబు చేస్తుంటి."

"నువ్వు చెప్పినవని ఆపిన. పాట ఆగిందని తిప్పిన. గంతే," అంది. "గింత దానికి ఏడుస్తరా?" అని అదే చేత్తో నా కళ్లు తుడిచింది. పసుపు తగిలి కళ్లు ఇంకా మండాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

అత్త పోయి ఆరేళ్లయింది. మా చర్చిలో పాటలు నేర్పే పని ఇప్పుడు నాది. పోయిన ఆదివారం పిల్లలు అదే పాట మధ్యలో తడబడి ఆగిపోయారు. నా కుడిచేయి దానంతటదే లేచింది. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తిప్పుతూనే ఉన్నాను.