సగం కుట్టిన ఆకుపచ్చ చీర

నా పేరు కోటమ్మ. ఏళ్ళు డెబ్బై ఎనిమిది అని ఆధార్ కార్డు అంటుంది, నేను కాదనను. ఊరు నకరికల్లు. ఇంట్లో నేను, దాచేపల్లి సిమెంటు లారీ తోలే కొడుకు, పత్తి మిల్లుకి వెళ్ళే కోడలు పద్మ, కాలేజీ చదివే మనవరాలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మింగినా ఊరుకోనని దానికి ముందే చెప్పాను.

మా ఎదురింటి మిషనమ్మ పోయింది. ఇవాళ్టికి పదకొండో రోజు. రేకుల వరండాలో నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి, పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే గోడకి ఒరిగిపోయింది. గుండె అన్నారు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా నైటీ గురించి చెప్పాలి.

రెండేళ్ళ కిందట వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడి పడ్డాను. తుంటి విరిగింది. నరసరావుపేటలో ప్లేటు వేసి పంపారు. ఇంటికి రాగానే పద్మ నాకు నైటీ తొడిగి, నా చీరలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. నేను చీరలోనే నాపరాళ్ళు మోశాను. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని మిరపకాయలు కోశాను. అలాంటి దాన్ని గులాబీ పూల సంచిలో దించి మూతి కట్టినట్టయింది. వీధిలో ఆడవాళ్ళు నైటీ మీద తువ్వాలు వేసుకుని పాలకీ కూరగాయలకీ వెళతారు, వాళ్ళిష్టం. నేను మాత్రం ఈ బట్టతో గడప దాటనని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటినుంచీ కిటికీ ఊచల్లోంచి కనిపించినంతే నాకు ఊరు.

పద్మని అడగని రోజు లేదు. ఒకసారి ఏడ్చేసింది. "నిన్ను ఎత్తీ ఎత్తీ నా నడుం పడిపోయింది అత్తా. మళ్ళీ పడితే మిల్లు మానుకుని కూర్చోవాలి. అప్పుడేం తింటాం?" అంది. ఆ మాటలో అబద్ధం లేదు. చెడ్డ కోడలైతే పోట్లాడి గెలిచేదాన్ని. మంచిది కాబట్టే చిక్కుకుపోయాను.

మిషనమ్మ ఏ పనికైనా నేతచీరే కట్టేది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కొంగుకి నాలుగు పిన్నీసులు గుచ్చుకుని మిషను ముందు కూర్చునేది. "ఎవరు చూడాలనే ఇంత సోకు?" అని నేను కిటికీలోంచి అరిస్తే, "నువ్వు చూస్తన్నావుగా పెద్దమ్మా, చాల్లే" అనేది. చీరలు పెళ్ళిళ్ళకే దాచుకునే ఆడవాళ్ళని, రోజూ కట్టుకోరేమని తిట్టి మరీ జాకెట్లు కుట్టిచ్చేది. నా పాత చీరతో మనవరాలికి జీన్స్ మీదకి టాప్ కుట్టింది. అది వేసుకుని కాలేజీకి పోతుంటే నా చీరకున్న భాగ్యం నాకు లేదనిపించింది.

నాలుగు నెలల కిందట ఆమె మా ఇంటికొచ్చి, "ఏమే పద్మా, పట్టుచీరలు మడతలు మార్చకపోతే మడతకాడే పిగులుతాయి. బీరువా తియ్యి" అంది. పద్మ తీసింది. ఇద్దరూ మంచం మీద చీరలు పరిచి మడతలు మారుస్తుంటే నేను గోడ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. అన్నీ సర్దాక, ఎర్రంచు ఉన్న ఆకుపచ్చ నేతచీర ఒకటి చంకలో పెట్టుకుని లేచింది.

"అదెందుకు వదినా?" అంది పద్మ.

"బీరువాలో ఉన్నన్నాళ్ళూ అది చీర కాదే, సామాను. పెద్దమ్మకి కాలికి తగలకుండా కుట్టి తెస్తా. అది కట్టుకుని మా వరండా దాకా పడకుండా వచ్చిందనుకో, బీరువా తాళం ఆమెకి ఇచ్చేయాల. సరేనా?"

పద్మ బీరువాకి తాళం వేసింది. "పడితే మాత్రం నీదే పూచీ" అంది.

కుచ్చిళ్ళన్నీ కలిపి కుట్టేసి, నడుముకి బొందు పెట్టి, అంచు చీలమండ పైకి ఎత్తాలని మిషనమ్మ ఉపాయం. నాకు ఒళ్ళు మండింది. "చీర కట్టుకుంటారే, పిల్లల గౌనులాగా తొడుక్కోరు" అని కేకలేశాను.

"కడుపునిండా తిట్టు పెద్దమ్మా. చెయ్యి మాత్రం పైకెత్తు, కొలత తీసుకోవాల."

భుజం లేవదని చూసి జాకెట్టుకి ముందువైపు పెద్ద హుక్కులు పెట్టింది, నేను అడక్కుండానే. మందుబిళ్ళలకని లోపల జేబు కూడా పెట్టింది. చీర మాత్రం ఊరి పెళ్ళిళ్ళ బట్టల వెనక్కి పోతూ వచ్చింది. ఆఖరికి ఒక సాయంత్రం వరండాలోంచి నా చీర అంచు ఊపి చూపించి, "రేపటికి అయిపోద్ది!" అని అరిచింది.

ఆ రేపే ఆమె పోయింది.

ఊపిరి ఉందేమోనని ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడ ఆమె జాకెట్టు కత్తిరించేశారు. ఎవరిదో నైటీ తొడిగి ఇంటికి తెచ్చారు. నేను ఊచలు పట్టుకుని చూస్తున్నాను. కొత్తచీర తెచ్చిన ఆడవాళ్ళలో ఒకామె, "నైటీ మీదనే కప్పితే సరిపోద్దిలే" అనడం నా చెవిన పడింది. అంతే, ఒట్టు గుర్తు రాలేదు. వాకర్ పట్టుకుని, ఆ గులాబీ పూల నైటీలోనే రోడ్డు దాటాను.

"ఎవత్తే సరిపోద్దన్నది? దాన్ని తీసి అవతల పడేయండి. కుచ్చిళ్ళు నేను పెడతా."

పద్మ పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. "ఒక్కదానివే ఎట్టా వచ్చావు అత్తా?"

"నన్నొదిలి ఆమె నడుం పట్టుకో" అన్నాను. పద్మ పట్టుకుంది. నేను కుర్చీలో కూర్చుని వంగి ఏడు కుచ్చిళ్ళు పెట్టాను. అన్నీ వరసగానే వచ్చాయి. కొంగుకి ఆమె పిన్నీసే గుచ్చాను.

ఇప్పుడు అందరూ, ఒట్టు ఎలాగూ పోయింది కదా, నైటీలోనే తిరగమంటున్నారు. ఆ రోజు దాటింది ఆమె కోసం. నా కోసం నేనింకా దాటలేదు. మళ్ళీ కిటికీ దగ్గరే ఉన్నాను.

అందుకే ఇది రాయిస్తున్నాను. నేను ఆమె వరండా దాకా పడకుండా నడిచాను. పందెం నాది. బట్ట వేరు కదా అంటే, ఆ చీర ఎవరైనా పూర్తి చేసి ఇవ్వండి, మళ్ళీ నడుస్తాను. రేపు నేను పోయాక నాకు ఏ పట్టుచీర కడతారో కట్టండి. కానీ బతికున్న మంగళవారానికీ బుధవారానికీ నాకు చీర కావాలి. మిషనమ్మ నాకిచ్చిన మాట అదే.

పద్మ ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నది. సాక్షి సంతకం తానే పెడతానంది, రెండో సాక్షికి వీధిలో పూలమ్మే సుబ్బులుని కేకేసింది. తాళంచెవి మాట ఎత్తలేదు.

ఎదురుగా ఆమె మిషను మీద దుప్పటి కప్పారు. సూది కిందికి దిగే ఉందట, ఎవరూ పైకెత్తలేదు. దుప్పటి కిందనుంచి జానెడు ఆకుపచ్చ చీర ఎర్రంచుతో బయటికి వేలాడుతోంది. లారీ పోయినప్పుడల్లా కదులుతోంది.

చదివి వినిపించాక, మార్చేదేమీ లేదని వేసిన కోటమ్మ బొటనవేలి ముద్ర.

సాక్షులు: పద్మ, కోడలు. సుబ్బులు, పూలమ్మే ఆమె.