ఆయన ముందర పెట్టిన పళ్లెం

మా ఊరికి కరెంటు రాకముందు మాట. పక్షవాతం వచ్చి మా ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది, మింగడం కూడా పోయింది. అనంతపురం ఆసుపత్రిలో ముక్కులోంచి కడుపులోకి రబ్బరు గొట్టం వేశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ నా చేతికి గరాటు ఇచ్చి, "ఏం పోసినా దీంట్లోనే పోయమ్మా. నోట్లో ఏం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి దిగుతాది, మనిషి దక్కడు" అంది. ఆ మాట గట్టిగా పట్టుకొని, బుక్కరాయసముద్రం అవతలున్న మా ఊరికి ఎద్దులబండిలో తీసుకొచ్చాను.

రాగిగంజి పలుచగా కాచి, పాత పంచెగుడ్డలో రెండుసార్లు వడగట్టి, పాలు కలిపి పోసేదాన్ని. నలుసు పడితే గొట్టం మూసుకుపోతుంది. మాకు పిల్లలు లేరు. చెనక్కాయ పీకే రోజులు, ఊరంతా చేలల్లోనే ఉండేది. పలకరించే దిక్కులేక గంజితోనే మాట్లాడేదాన్ని. "నిదానంగానే దిగు తల్లీ, నీకూ నాకూ యాడ పని ఉండాది" అని.

మా ఇళ్లలో మొగుడి ముందర పళ్లెం పెట్టకుండా ఆడది తినదు. ఆయన తిన్న పళ్లెంలోనే తను తింటుంది. గొట్టం వచ్చిందని ఆ పద్ధతి మానేస్తే, ఆయన ఇంటి మనిషే కాదన్నట్టు ఉంటుందనిపించింది. నేను మొండిదాన్ని. రోజూ మధ్యాహ్నం సంగటి ముద్ద, చెనక్కాయల చట్నీ ఆయన ముందర పెట్టి, పక్కనే కూర్చుని గంజి పోసి, తర్వాత ఆ పళ్లెం తీసుకుపోయి వంటింట్లో ఒక్కదాన్నే తినేదాన్ని. ఆయనకు ఆకలి ఉంటుందని తెలుసు. నోటికి కూడా ఆకలి ఉంటుందని తోచలేదు.

ఒకరోజు పొయ్యి మీద గంజి పొంగితే లేచి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ముద్దకు గుంట పడి ఉంది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఎడమచేత్తో అన్నం ముట్టని మనిషి, ఆ వేళ్లకు సంగటి అంటుకొని ఉంది. దగ్గుతో ఊపిరాడక కళ్లు తేలేస్తున్నారు. నోట్లో వేలు పెట్టి అందినంత లాగేశాను. దగ్గు తగ్గింది గానీ సాయంత్రానికి జ్వరం పట్టుకుంది. ఐదోరోజు పోయారు.

పక్కింటామె నా దగ్గర కూర్చుని, "ఏడవాకమ్మా. కడాకు ఇంత సంగటి తినే పోయినాడు, గంజితో పోలేదు" అంది.

ఆ పళ్లెమే ఆయన ప్రాణం తీసిందని నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే నా కడుపు చల్లబడింది. అలా చల్లబడినందుకే నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.