మానుకోవచ్చని రాసిన కాగితం

రూట్ కెనాల్ చేసిన నా పంట్లో కొత్త మందు పెట్టి పరీక్షలు చేస్తున్నారు. నొప్పికి తాళలేక మానేస్తానంటే, "ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేశావు, కుదరదు" అన్నాడు డాక్టరు. ఆ కాగితం చదవాలన్న పంతంతోనే ఈ వయసులో అక్షరాలు నేర్చాను.

ఒకరోజు ఆసుపత్రికెళ్తూ అనకాపల్లి బస్సులో నా పక్కన బుగ్గ వాచిన ఒకామె కూర్చుంది. ఆమె చేతిలోనూ అదే కాగితం.

"ఏటి రాసుందప్పా?" అంది.

వేలు పెట్టి చదివాను: "ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు."

ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుంది. "అక్కడ నువ్వు సదవకు. ఆ డాట్రు సేతే సదివిద్దాం" అంది.

ఆసుపత్రిలో ఆమె కాగితం చాపి చదవమంటే, అందరి ముందూ డాక్టరు గొణుగుతూ చదివాడు.

"ఇనపళ్ళేదు బాబూ, మళ్ళీ సదువు" అందామె, బుగ్గ పట్టుకుని.

మూడోసారికి, అదే మందు పరీక్షకొచ్చి బెంచీల మీదున్న వాళ్ళంతా తమ కాగితాలు బయటికి తీశారు. ఆమె పేరడగలేదు నేను. డాక్టరు మొహమే చూస్తూ ఉండిపోయాను.