తుడవకముందు అద్దం

టాంపినీస్‌లో చల్లటి రైలు దిగి బయటి ఉక్కలోకి రాగానే నా కళ్ళద్దాలకు ఆవిరి పడుతుంది. తుడుచుకోబోయి ఒక్క క్షణం ఆగుతాను. సత్యవతి మేడమ్ గుర్తొస్తారు.

ఆవిడ మలేసియాలో పుట్టిన తెలుగావిడ. సైన్స్ పార్క్‌లో నా మొదటి ఉద్యోగంలో నా పై అధికారి. కర్బనాన్ని మూడు వేల డిగ్రీలు దాటించి, అది కరగకుండానే ఎలా ఆవిరవుతుందో చూడడం మా పని. అంత వేడిలో మామూలు థర్మామీటరు బతకదు. కొలిమికున్న చిన్న గాజు కిటికీలోంచి లోపలి వెలుగును చూసే పరికరమే వేడిని కొలుస్తుంది. మేడమ్‌కి శుభ్రం పిచ్చి. కొలిమి చల్లారగానే ఆ కిటికీ తళతళలాడాల్సిందే. మడి ఆచారంలా ఉందని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు మా కొత్త కర్బనం అందరూ అనుకున్నదానికంటే చాలా తక్కువ వేడికే ఆవిరైంది. ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం. మూతపడబోతున్న మా విభాగాన్ని అదే నిలబెడుతుందని మేడమ్‌తో సహా అందరం నమ్మాం. సంస్థ పెద్దలు మర్నాడు చూడటానికి వస్తారనగా చివరి పరీక్ష ముగిసింది. నేను గుడ్డ అందుకున్నాను.

"తర్వాత తుడువు లా. ముందు మకాన్‌కి పోదాం, మళ్ళీ టేబుల్ దొరకదు" అన్నారావిడ తన మలేసియా యాసలో. ఆకలి మడిని గెలిచింది.

తినివచ్చి చూస్తే గాజు మీద పలచటి నల్లపొర. ఆవిరైన కర్బనమే అక్కడ అంటుకుంది. మేడమ్, వేడి ఎంతో ముందే తెలిసిన దీపాన్ని ఆ గాజు వెనక వెలిగించారు. పరికరం ఉన్నదానికంటే బాగా తక్కువ చూపించింది. మా కర్బనంలో ఏ వింతా లేదు. కొలిమి మండుతుండగా మసిబారిన గాజు మాకు ప్రతిసారీ వేడిని తగ్గించి చెప్పింది, ప్రతిసారీ ఆ మసిని మేమే శ్రద్ధగా తుడిచేశాం.

"ఇంత శుభ్రంగా ఉంటే తప్పెలా దొరుకుద్దమ్మా? నేనే తుడిపించేశాను" అన్నారు మేడమ్.

మర్నాడు పెద్దల ముందు ఏదో సాకు చెప్పి గడువు అడుగుతారనుకున్నాను. ఆవిడ లేచి, మసిబారిన కిటికీని బల్ల మీద పెట్టి, మా ఫలితం తప్పని చెప్పేశారు. నాకు దిగ్భ్రాంతితోపాటు కోపమూ వచ్చింది. చేతులారా అందరి పొట్టా కొట్టారనిపించింది. కొన్ని నెలలకు విభాగం నిజంగానే మూతపడింది. హౌగాంగ్‌లో మేడమ్ వాళ్ళింటికి వెళ్ళి, ఎందుకలా చేశారని అడిగాను. ఆవిడ టీ చేతికిచ్చి, "తెలిశాక ఇంకేం చెప్తామమ్మా?" అన్నారు.

ఇప్పుడు నాకూ ఒక కొలిమి ఉంది. అది చల్లారగానే నా దగ్గర పనిచేసే అమ్మాయిలు గుడ్డ అందుకుంటే, ముందు చూడమంటాను. ఆ మధ్యాహ్నం మేడమ్‌కి ఆకలి వెయ్యకపోతే, మేమంతా ఆ అబద్ధాన్ని నిజమని నమ్ముతూ హాయిగా బతికేసేవాళ్ళం. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.