మీరేమీ చేయనక్కర్లేదు

ఆ శీతకాలంలో పోయినవన్నీ ఒకచోట రాసిపెట్టుకున్నాను. నూట డెబ్బై రెండు యూరోల నలభై సెంట్లు. పట్టికలు తయారుచేస్తూ కూర్చున్న మూడు శనివారాలు. నవంబరు రాగానే నాకు ఫోన్ చేసి సలహా అడిగే తెలుగువాళ్ల ఇళ్లు జర్మనీలో మేముండే బ్యోబ్లింగెన్‌లో పదకొండు ఉండేవి, వాటిలో ఈ సంగతి తెలిసి అడగడం మానేసినవి నాలుగు. ఒక ఎర్ర పెన్ను. అదెలా పోయిందో తెలియదు కానీ అదే వారంలో పోయింది కాబట్టి ఈ పద్దులోనే రాశాను. తపాలా ఖర్చు మాత్రం పోలేదు. ఉత్తరం వెళ్తే కదా.

ఇదంతా కారు ఇన్సూరెన్స్ వల్ల. ఇక్కడ మా బండికున్నలాంటి పాలసీ ఒకసారి తీసుకుంటే, జనవరి ఒకటిన దానంతటదే మరో ఏడాదికి సాగుతుంది. వద్దనుకుంటే నవంబరు ముప్పైలోగా వద్దని రాసిన ఉత్తరం కంపెనీకి చేరాలి. చేరకపోతే ఇంకో ఏడాది వాళ్లతోనే కాపురం. మరిచిపోయేవాళ్లకు ఇది వరమే, బండి ఒక్క పూట కూడా ఇన్సూరెన్స్ లేకుండా ఉండదు. కానీ ఆ మరుపు మీద కంపెనీకి కూడా ఎంతో కొంత గిట్టుబాటవుతుందని నా అనుమానం. నేను కామర్స్ చదవలేదు. హనుమకొండలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిట్టీ పాడుకుని, అసలు నేను కడుతున్న వడ్డీ ఎంతో బస్సు టికెట్ల వెనక లెక్కేసి కనిపెట్టాను. ఆ రోజు నుంచి ఎవరైనా "మీకెందుకండీ శ్రమ" అంటే చాలు, పెన్ను తీస్తాను.

ఆ నవంబరు మొదటి వారంలో వచ్చిన ఉత్తరంలో సరిగ్గా ఆ మాటే ఉంది. వచ్చే ఏడాదికి ప్రీమియం 684 యూరోల 20 సెంట్ల నుంచి 827 యూరోల 80 సెంట్లకు పెరిగింది, పాలసీ దానంతటదే కొనసాగుతుంది, మీరేమీ చేయనక్కర్లేదు.

"ఏమీ చేయనక్కర్లేదు అని రాశారంటే ఏదో ఒకటి చేసి తీరాలన్నమాట" అన్నాను మా ఆవిడతో.

"వాళ్లే వద్దంటున్నరు గదా, చెయ్యకుండ్రి" అంది ఆమె. "మన పెండ్లి గూడ ఏటేటా దానంతటదే రెన్యువల్ అయితున్నది. దానికి ఎన్నడన్న కొటేషన్లు తెప్పిచ్చిన్రా?"

"ఇరవై ఏళ్ల డ్రైవింగులో ఒక్క క్లెయిమ్ వేయలేదు నేను. బోనస్ రావాలి నాకు."

"ఆగుండ్రి, క్లెయిమ్‌లు నేను షురూ చేస్త."

నవ్వుకున్నాం కానీ ఆ ఏడాది ఆ పాలసీతో నిజంగానే పని పడింది. ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఇక్కడికొచ్చిన తొమ్మిదేళ్లకు, భాష నేర్చుకుని, పాత డిగ్రీకి గుర్తింపు తెచ్చుకుని సంపాదించిన మొదటి ఉద్యోగం. ఊరి బయట ఒక ఆస్పత్రి ల్యాబులో, జనవరి రెండు నుంచి. మొదటి ఆరు నెలలూ పరీక్షాకాలం, నచ్చకపోతే రెండు వారాల నోటీసుతో పంపించేస్తారు.

"పొద్దుగాల ఆరింటికి నేను ల్యాబుల ఉండాలె. మొదటి బస్సే ఆరు నలభైకి" అంది. "కారు నేను తీస్కపోవాలె. పాలసీల నా పేరు ఎక్కియ్యుండ్రి. అంతే."

లైసెన్సు ఆ వేసవిలోనే, మూడో ప్రయత్నంలో తెచ్చుకుంది. పాలసీలో మాత్రం నాలుగేళ్ల కిందటి మా ఇల్లే ఏటేటా సాగుతోంది: డ్రైవరు నేనొక్కడినే. దానంతటదే సాగేదానికి ఇంట్లో ఏం మారిందో ఎలా తెలుస్తుంది? పేరు లేని మనిషి నడిపి ఎవరినైనా గుద్దితే కంపెనీ తర్వాత మా దగ్గర జరిమానా వసూలు చేస్తుంది. పైగా ఆమె కొత్త డ్రైవరు. ఆమె పేరు చేరిస్తే పాత కంపెనీలో 912 యూరోల 30 సెంట్లు. ఇద్దరి పేర్లతో అదే రక్షణ కొత్త కంపెనీలో 739 యూరోల 90 సెంట్లు. ఆ తేడా కనిపెట్టడానికే మూడు శనివారాలు పట్టింది. కొత్త దానికి దరఖాస్తు పెట్టాను. ఇక పాతదానికి వద్దని రాయడమే మిగిలింది.

ఆ పని ఫోన్లో ఒక బటన్ నొక్కితే అయిపోతుందని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. నిజమే. కానీ కాగితం మీద సంతకం పెట్టనిదే నాకు పని చేసినట్టుండదు. ఆఫీసులో ఉత్తరం ప్రింట్ తీశాను. పైన లావు అక్షరాల్లో ఒక్క మాట: క్యూండిగుంగ్. ఈ దేశంలో ఇల్లు ఖాళీ చేస్తామన్నా, జిమ్ మానేస్తామన్నా, ఇన్సూరెన్స్ వద్దన్నా, ఉద్యోగం పీకేసినా, మనమే మానేసినా అన్నిటికీ ఆ ఒక్క మాటే. సంతకం పెట్టి, కాగితం ఎగిరిపోకుండా పైన స్టేప్లర్ పెట్టి, పక్కన తపాలాకు రెండు యూరోల నాణెం ఉంచి, టపా తీసుకెళ్లే ఆవిడకు చెప్పి మీటింగుకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఉత్తరం లేదు. నోట్‌బుక్కులో టిక్కు పెట్టుకున్నాను. నాణెం మాత్రం అక్కడే ఉంది. టపా ఆవిడ మొహమాటపడి తీసుకోలేదేమో అనుకున్నాను. పదమూడేళ్లుగా జర్మనీలో ఉంటున్నవాణ్ణి, మొహమాటంతో డబ్బు వదిలేసే మనిషిని ఇక్కడ ఎలా ఊహించుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. డబ్బు మిగిలితే నేను కారణం అడగనని ఆ రోజే తెలిసింది.

డిసెంబరు పద్దెనిమిదిన రెండు ఉత్తరాలు కలిసి వచ్చాయి. పాత కంపెనీ నుంచి వచ్చే ఏడాది బిల్లు. కొత్త కంపెనీ నుంచి విచారం: మీ పాత పాలసీ రద్దు కాలేదు కాబట్టి మేం మొదలుపెట్టలేం. నవంబరు ముప్పై ఎప్పుడో దాటింది. రేటు పెంచినందుకు ఇచ్చే నెల రోజుల అదనపు గడువూ దాటింది.

మా ఆవిడ రెండూ చదివింది. ఈసారి ఎగతాళి చేయలేదు. "అంటే రెండో తారీకు నేను కారు తియ్యొద్దా?" అని మాత్రం అడిగింది. బీరువాలో కొత్త తెల్లకోటు ఇస్త్రీ చేసి తగిలించి ఉంది. "చూస్తాను" అన్నాను.

మర్నాడు కాఫీ మెషీన్ దగ్గర మా టీములోనే పనిచేసే గుంటూరావిడతో ఈ సంగతి చెప్పాను. టపా ఆవిడ నా ఉత్తరం పారేసిందని, జర్మన్ తపాలా మీద నమ్మకం పోయిందని చెప్పుకుపోతున్నాను. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"అన్నయ్యగారూ, ఆ కాగితం మీద పైన క్యూండిగుంగ్ అని ఉందాండీ?"

"ఉంది."

"కింద మీ సంతకం?"

"అవును. మీకెలా తెలుసు?"

"అది మా పూజ గూట్లో ఉందండీ" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. ఆవిడ ఒక్కొక్కటిగా చెప్పింది. ఆ రోజు స్టేప్లర్ కోసం నా టేబుల్ దగ్గరికొచ్చిందట. స్టేప్లర్ సరిగ్గా ఇన్సూరెన్స్ కంపెనీ చిరునామా మీదే కూర్చుంది. కనిపించింది ఆ మాట, నా సంతకం. అంతకు ముందురోజే టెస్టింగుకి పది రోజులు కాదు పదమూడు కావాలని నేను మేనేజరుతో గొడవపడ్డాను. ఆవిడకు రెండూ కలిశాయి. అంతకుముందు ఏడాది వాళ్లాయనకు అదే మాటతో ఒక కాగితం చేతికిచ్చారు. కొత్త ఉద్యోగం దొరికేదాకా, ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డు ఉంటుందో పోతుందోనని పదకొండు వారాలు వాళ్లింట్లో ఎవరికీ సరిగ్గా తిండి సయించలేదు. ఆ మాట తర్వాత కింద ఏం రాసుందో చదివే ఓపిక ఆవిడకు ఇక లేదు.

"కోపంలో రాసుంటారు, నాలుగు రోజులాగితే చల్లబడతారు కదా అని తీసుకెళ్లి స్వామివారి పటం కింద పెట్టానండీ. మీ ఇంట్లో ఇద్దరు తినాలి, ఇక్కడ అద్దెలు చూస్తే ఇలా. మీరు రోజూ ఆఫీసుకొస్తూనే ఉన్నారు. మొక్కు ఫలించిందనుకున్నాను."

"నేను ఉద్యోగం మానేస్తాననుకున్నారా? నేనా? లెక్క వేసుకోకుండానే?"

"అదేనండీ నేనూ మావారితో అన్నాను, ఈయన లెక్కల మనిషి కదా, ఇదేంటిలా చేశాడూ అని!"

శనివారం భార్యాభర్తలిద్దరూ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. మూడు మూలల్లో పసుపు, మాట మీద సరిగ్గా కుంకుమ బొట్టు. నష్టం మేమిస్తామని ఆవిడ పర్సు తీసింది. మా ఆవిడ ఆ పర్సు లాక్కుని మళ్లీ ఆవిడ సంచిలోనే పెట్టేసింది. "ఈయన ఉద్యోగం గురించి గంతగనం మొక్కినోళ్లు మా సుట్టాలల్ల గూడ లేరు. కూసోండ్రి, చాయ్ తాగి పోదురు" అంది.

వాళ్లు వెళ్లాక నేను పాత కంపెనీకి విన్నపం రాయడం మొదలుపెట్టాను. జరిగినదంతా, పూజ గూడు తప్ప, వరుసగా రాసుకొస్తున్నాను. రెండో పేరాలో ఉండగా లోపలి గదిలోంచి మా ఆవిడ జర్మన్‌లో మాట్లాడటం వినిపించింది. పుట్టిన తేదీ చెబుతోంది. లైసెన్సు ఎప్పుడొచ్చిందో చెబుతోంది. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందని అడిగినట్టున్నారు. "పదకొండు వేల నాలుగు వందల అరవై" అని నేను తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఆమె నా వైపు చూస్తూనే ఫోన్లో "పన్నెండు వేలు" అంది.

నాలుగు నిమిషాలు పట్టింది. పాలసీ దానంతటదే సాగింది కాబట్టే, అందులో పేరు చేర్చమని అడగడానికి ఒక పాలసీ ఉంది. నా ఉత్తరం వెళ్లి, కొత్త కంపెనీ ఏదో ఒక కాగితం దగ్గర ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో నేను లెక్కేయలేదు. వేస్తే ఆ లెక్క కంపెనీ వాళ్ల వైపు మొగ్గుతుందని భయం. జనవరి ఒకటి నుంచి ఇద్దరు డ్రైవర్లు, 912 యూరోల 30 సెంట్లు.

జనవరి రెండున తెల్లవారకముందే అద్దం మీది మంచు గీకి, ఐదు ఇరవై ఐదుకి ఆమె ఒక్కతే బయలుదేరింది. పక్కన కూర్చుంటానంటే "వాపస్ ఎట్లొస్తరు, ఆరు నలభై బస్సుకా?" అని వద్దంది. ఐదు యాభై ఒకటికి మెసేజ్: చేరిన. పార్కింగ్ గూడ దొరికింది.

నెలాఖరుకి మొదటి జీతం వచ్చింది. కారు ఖర్చులో ఇకనుంచి సగం తనదని తనే అంది. నాకు గర్వంగా అనిపించింది. వెంటనే లెక్క చూపించాను: 912 యూరోల 30 సెంట్లలో సగం, 456 యూరోల 15 సెంట్లు. ఆమె ఫోన్ తీసి 369 యూరోల 95 సెంట్లు పంపింది.

"ఇదేం లెక్క?"

"739 తొంభైల సగం. మీరు నాకు చెప్పిన రేటు గదే. మీద పడ్డది కారు ఖర్చు గాదు, కాయిదం ఖర్చు. బటన్ ఒత్తితే పోయేదానికి కాయిదం రాసింది ఎవరు?"

ఆ వాదనలో తప్పెక్కడుందో చాలా రోజులు వెతికాను. కాగితం ఖర్చు ఇద్దరిదీ అని నేను, మీదొక్కరిదే అని ఆమె. అప్పటికీ ఇప్పటికీ అలాగే ఉంది. నా నోట్‌బుక్కులో మాత్రం ఆమె పేరు కింద ఆ వరుస కొట్టివేయకుండా ఉంచాను. నాకు ఇంకా రావాల్సింది ఎనభై ఆరు యూరోల ఇరవై సెంట్లు.